అమ్మ మోకాళ్ల నొప్పులకు తెచ్చిన పొడి, దాన్ని పరీక్షించిన ల్యాబ్: రెండింటికీ నా రివ్యూ

ముందే చెబుతున్నా, ఇందులో అంగడి పేరు, పొడి పేరు, ల్యాబ్ పేరు ఏదీ ఉండదు. మూలికల పేరుతో అమ్మిన ఆ పొడిలో చెప్పకుండా మందులు కలిపారని మేం ఫిర్యాదు ఇచ్చాం, అది విచారణలో ఉంది, తేలేదాకా పేర్లు బయట పెట్టొద్దని తెలిసిన లాయరు గట్టిగా చెప్పాడు. పేర్లు లేని రివ్యూ ఎందుకు అని అడుగుతారేమో. ఆ ఒక్క డబ్బా గురించే అయితే నేనూ రాసేదాన్ని కాదు. అలాంటి డబ్బా వేరే పేరుతో మీ ఇంటి అల్మారాలోనూ ఉండొచ్చు, అందుకే పేరు కన్నా అది ఎలా పనిచేసింది, మేం ఎక్కడ మోసపోయాం, ఎలా పట్టుకున్నాం అన్నది తెలియడం అవసరం అనిపించి కూర్చొని రాస్తున్నా.

మాది కర్నూలు. అమ్మకు 62 ఏళ్లు, ఆరేడేళ్లుగా మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే లేవడానికి తలుపో మంచమో పట్టుకోవాల్సిందే. ఎముకల డాక్టరు అరుగుదల అన్నాడు, తొడ కండరాలకు వ్యాయామం చూపించాడు, కాస్త బరువు తగ్గమన్నాడు, నొప్పి మరీ ఎక్కువైన రోజు పారాసెటమాల్ వేసుకోమన్నాడు. అమ్మకు ఇవేవీ వైద్యంలా అనిపించలేదు. సంక్రాంతి అయిన వారానికి పక్కింటి అక్క వచ్చి, వాళ్ల అత్తకు ఒక పొడి బ్రహ్మాండంగా పట్టిందని, పాతబస్తీ వైపు ఒక అంగట్లో దొరుకుతుందని చెప్పింది. 250 గ్రాముల డబ్బా 1,150 రూపాయలు. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లలో. నేనే పోయి తెచ్చా.

డబ్బా మీద వావిలి, శల్లకి, అశ్వగంధ, శొంఠి, పసుపు అని రాసుంది. మా జేజి వావిలాకు కాచిన నీళ్లతో కాళ్లకు కాపడం పెట్టేది, అందుకే ఆ పేరు చదవగానే మా ఇంటి మనిషిని చూసినట్టే అనిపించింది, ఇంకేం అడగబుద్ధి కాలేదు. ఆకుపచ్చ మూత, నూటికి నూరు శాతం మూలికలు అని పెద్ద అక్షరాలు, వెనకవైపు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఆ నంబరు కిందనే సన్నటి అక్షరాల్లో ఇది మందుగా వాడటానికి కాదు అని కూడా ఉంది. ఇలాంటి హెల్త్ సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండాలన్నది నిబంధనే. అంటే డబ్బా మందు కాదంటోంది, అంగడతను మోకాళ్ల నొప్పికి మందంటున్నాడు. ఆ రోజు నేను ఆ సన్నటి లైను చదవనే లేదు.

పని చేసిందా అంటే చేసింది, దాచడం ఎందుకు. మూడో రోజు సాయంత్రం అమ్మ వాకిట్లో కూర్చొని శేరు చెనిక్కాయలు ఒలిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. "చూడు పాపా, మీ డాక్టర్లు ఆరేండ్లలో చేయలేంది ఇది మూడు దినాల్లో చేసింది" అంది. ఆ మాటకు నా కళ్లలో నీళ్లొచ్చాయి. అంగడతనికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పా, ఆఫీసులో ఇద్దరికి ఈ పొడి గురించి చెప్పా. తర్వాత ఆ ఇద్దరికీ మళ్లీ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పడం నాకు ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను.

ఆ "మూడు దినాలు" దగ్గరే మేం ఆగాల్సింది. మూలికలతో గుణం మెల్లగా కనిపిస్తుందని అసలైన ఆయుర్వేద వైద్యులే చెబుతారు. ఏళ్ల తరబడి అరిగిన మోకాలు మూడు రోజుల్లో హాయిగా ఉందంటే డబ్బాలో వావిలి కాకుండా ఇంకేదో ఉందని అనుమానం రావాలి. మాకు అనుమానం రాలేదు సరికదా, అదే నమ్మకమైంది.

రెండో నెలకు అమ్మ ముఖం గుండ్రంగా నిండుకుంది. చుట్టాలు చూసి కళ వచ్చిందన్నారు. ఆకలి పెరిగింది, పొద్దున నాలుగు ఇడ్లీలు తిని పదింటికి మళ్లీ ఉగ్గాని అడిగేది, జాకెట్లు బిగుతయ్యాయి. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చొని వాకిలి ఊడ్చేది, ఇంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అని మేం మురిసిపోయాం. చేతికి గాజు కాస్త గట్టిగా తగిలినా నల్లగా కమిలేది. ఇవన్నీ విడివిడిగా చూశాం, కలిపి చూడలేదు.

మే నెలలో అనంతపురంలో మా చిన్నాయన కూతురి పెళ్లి. హడావిడిలో పొడి డబ్బా ఇంట్లోనే మర్చిపోయాం. రెండో రోజుకు నొప్పులు తిరగబెట్టాయి, మూడో రోజుకు మంచం దిగలేదు, నాలుగో రోజు వాంతులు. పెళ్లి భోజనం పడలేదనుకున్నాం. చూపిస్తే బీపీ 90/60 ఉంది, సెలైన్ పెట్టించి కర్నూలుకు తీసుకొచ్చేశాం. ఇక్కడ చూసిన డాక్టరమ్మ అమ్మ ముఖాన్ని, చేతుల మీద కమిలిన మచ్చల్ని చూసి, ముందు అడిగిన ప్రశ్నే ఏం మందులు వాడుతున్నారు అని.

"ఏ మందూ లేదమ్మా" అంది అమ్మ.

"చూర్ణం, లేహ్యం, పొడి, ఏదైనా?"

"పొడి ఉంది. అది మందు కాదు కదమ్మా."

అమ్మ అబద్ధం చెప్పలేదు. తన లెక్కలో మందు అంటే మాత్ర, సూది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు మందులేం వాడుతున్నావని అడగకండి, రోజూ నోట్లో ఏమేం వేసుకుంటున్నావని అడగండి.

డాక్టరమ్మ పొద్దున 8 గంటలకు రక్తం తీయించి కార్టిసాల్, అంటే ఒళ్లే తయారు చేసుకునే స్టెరాయిడ్, ఎంతుందో చూసింది. 1.6 వచ్చింది, ఆ వేళకు ఉండాల్సిన దానిలో అది చాలా తక్కువ. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆమె పేపరు మీద బొమ్మ గీసి చెప్పింది. కిడ్నీల పైన టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను అవే తయారు చేస్తాయి. బయటి నుంచి రోజూ స్టెరాయిడ్ వస్తుంటే అవి పని మానేస్తాయి. అమ్మ ముఖం చూస్తే ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైనట్టుంది, రక్తం చూస్తే ఒంటి సొంత కార్టిసాల్ దాదాపు లేదు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయంటే స్టెరాయిడ్ బయటి నుంచి వచ్చింది. డెక్సామెథాసోన్ లాంటివి కార్టిసాల్ పరీక్షలో దాదాపు కనిపించవు, కాబట్టి బయటి నుంచి వచ్చినా ఆ నంబరు పెరగదు. పొడి ఆగిపోగానే బయటిదీ లేదు, లోపలిదీ లేదు, అందుకే వాంతులు, అందుకే బీపీ పడిపోవడం. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే ప్రాణం మీదికి వచ్చేదట.

ఈ రివ్యూలో ఒక్క ముక్కే చదువుతానంటే ఇది చదవండి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పొడి వారాలు, నెలల తరబడి వాడుతూ ఉండి, ఇది చదివి భయమేస్తే, ఒక్కసారిగా ఆపేసి డబ్బాను చెత్తబుట్టలో పడేసి ఊరుకోకండి. ఆ రోజే డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అమ్మకు డాక్టరమ్మ ముందు స్టెరాయిడ్ మాత్రలే రాసింది, నేను బిత్తరపోయా. తెలియని డోసు నుంచి తెలిసిన డోసుకు తెచ్చి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దించాలని చెప్పింది. మూడు నెలల షుగర్ సగటు 7.1 వచ్చింది, అంతకు ముందు అమ్మకు షుగర్ లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4, కాస్త ఎక్కువే, అది స్టెరాయిడ్ వల్ల కాకపోవచ్చు, నొప్పి మాత్ర కూడా కలిపి ఉంటారని ఆమెకు అప్పుడే అనుమానం.

అనుమానం సరే, రుజువు కావాలి కదా. అంగడికి వెళ్లా. గొడవ పడలేదు. సీలు తీయని కొత్త డబ్బా ఒకటి కొన్నా, బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చాడు, షాపు ముద్ర వేయించుకునేదాకా కదల్లేదు. దీనికి ల్యాబ్ రిపోర్టు ఏమైనా ఉందా అన్నా అంటే, "ఉంది అక్కా, అనుమానమే వద్దు, మా ఇంట్లో కూడా ఇదే వాడతాం" అని లామినేషన్ చేసిన కాగితం తీసి చూపించాడు. నేను ఫోటో తీసుకున్నా. ఆ రిపోర్టు దొంగది అనుకున్నా. కాదు. ఆ ల్యాబ్‌కు ఫోన్ చేసి రిపోర్టు నంబరు చెబితే మాదే అన్నారు, ల్యాబ్‌ల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కూడా ఉంది. అందులో చూసినవి తేమ శాతం, బూడిద శాతం, సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, ఈ-కోలి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. అన్నీ పరిమితి లోపలే ఉన్నాయి, అన్నీ నిజమే. కానీ ఆ కాగితంలో స్టెరాయిడ్ ఉందా అని ఎవరూ అడగలేదు. అడగనిది ల్యాబ్ చూడదు. కింద ఇంకో లైను ఉంది, ఫలితాలు కస్టమర్ ఇచ్చిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయని. ఆ నమూనా ఏ బ్యాచ్‌దో, అంగట్లో ఉన్న డబ్బా ఏ బ్యాచ్‌దో చూస్తే రెండూ వేరు.

అంగడతనికి లోపల ఏముందో తెలుసని నేను అనుకోవడం లేదు. అతను డబ్బాలు తెచ్చి అమ్ముకునే మనిషి, ఇంట్లో వాడతామన్న మాట కూడా నిజమే అయ్యుండొచ్చు. అతని ఇంట్లోవాళ్ల గురించి ఆలోచిస్తే నాకు ఇంకా భయం వేసింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో 14 అంకెలు కొట్టి చూశా. నంబరు సరైనదే, పొడులు ప్యాక్ చేసే ఒక చిన్న యూనిట్ పేరు వచ్చింది. ఆ నంబరు చెప్పేది ఆ వ్యాపారం నమోదైందని మాత్రమే, మీ చేతిలో ఉన్న డబ్బాను ఎవరో పరీక్షించారని కాదు. నేను ఇన్నాళ్లూ రెండోదే అనుకున్నా.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. ఐదు ల్యాబ్‌లకు ఫోన్ చేశా. మూడు చోట్ల న్యూట్రిషన్ విలువలు, సూక్ష్మజీవులు, లోహాలు చేస్తాం మేడమ్ అన్నారు. ఒకచోట అన్నీ చూసేస్తాం అన్నారు, అన్నీ అంటే ఏవి అంటే చెప్పలేకపోయారు. ఐదోది హైదరాబాద్‌లో. ఫోన్ ఎత్తిన అమ్మాయి అడిగిన మొదటి మాట, "ఈ పొడి దేనికని అమ్ముతున్నారు మేడమ్?" అని. ఆ ప్రశ్నతోనే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఏం కలిపి ఉంటారన్నది దేనికని అమ్ముతున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. మోకాళ్ల నొప్పులకైతే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు వెతకాలి. సన్నబడే టీ అయితే సిబుట్రమైన్, ఫినాల్ఫ్తలీన్. మగవాళ్ల శక్తి మాత్రలైతే సిల్డెనాఫిల్, టాడాలాఫిల్, వాటి తోబుట్టువులు. షుగర్ పొడి అయితే మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్. జాబితా తప్పితే పరీక్ష ఎంత గొప్పదైనా ఖాళీ రిపోర్టే వస్తుంది.

ఫీజు ఒక్కో శాంపిల్‌కు 6,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 7,670. రెండు పంపితే 15,340. ఇది మా ఇంటికి చిన్న మొత్తం కాదు, అమ్మ వద్దే వద్దంది. రెండు ఎందుకంటే, వాడుతున్న డబ్బా ఒక్కటే పంపితే మీరే ఏదో కలిపారని రేపు వాళ్లు అనొచ్చు. అందుకే వాడుతున్నది ఒకటి, సీలు తీయనిది ఒకటి. డబ్బాలు మార్చకుండా అలాగే తెమ్మన్నారు, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటోలు ముందే పంపమన్నారు. కొరియర్ మీద నమ్మకం లేక నేనే పొద్దున బస్సెక్కి వెళ్లా. రిసెప్షన్‌లో నా ముందరే సీలు ఫోటో తీసి, రెండింటికీ కోడ్ నంబర్లు అంటించి, సంతకం పెట్టించుకున్నారు.

లోపలికి రానివ్వరు, కానీ అద్దం బయట నిలబడి కాసేపు చూడనిచ్చారు. అక్కడున్న ఎనలిస్ట్ కుర్రాడు నాకు ఓపిగ్గా చెప్పాడు. ఒక గ్రాము పొడి తూకం వేసి మెథనాల్‌లో వేస్తారు, శబ్ద తరంగాలతో కుదిపితే కలిసిన మందులు ద్రవంలోకి దిగుతాయి, తిప్పి, వడగట్టి, చిటికెన వేలంత సీసాలోకి పోస్తారు. అది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే యంత్రంలోకి వెళ్తుంది. ముందు ఒక సన్నటి గొట్టంలో పదార్థాలన్నీ విడిపోతాయి, ఒక్కొక్కటి దాని దాని సమయానికి బయటికి వస్తుంది. వచ్చిన దాని బరువు యంత్రం కొలుస్తుంది, తర్వాత దాన్ని విరగ్గొట్టి ముక్కల బరువు కూడా కొలుస్తుంది. డెక్సామెథాసోన్ అయితే 393 దగ్గర కనిపించి, విరిగితే 373, 355 ముక్కలిస్తుంది. అసలు మందు తెచ్చి అదే యంత్రంలో నడిపి, బయటికొచ్చే నిమిషం, ముక్కలు, ఆ ముక్కల నిష్పత్తి అన్నీ సరిపోతేనే ఉంది అని రాస్తారు.

నన్ను కట్టిపడేసింది ఇంకోటి. డెక్సామెథాసోన్‌కు, బీటామెథాసోన్‌కు బరువు ఒక్కటే. అణువులో ఒక్కచోట ఒక చిన్న కొమ్మ పైకి ఉందా కిందికి ఉందా అన్నదే తేడా. తూకంతో వాటిని వేరు చేయలేం, గొట్టంలో కొన్ని క్షణాల తేడాతో బయటికి రావడమే గుర్తు. అందుకని ఆ కుర్రాడు రెండు అసలు మందులనూ పక్కపక్కన నడిపాడు, అమ్మ పొడి ద్రవంలో కాస్త డెక్సామెథాసోన్ కలిపి మళ్లీ నడిపాడట, యంత్రం గీసే గ్రాఫులో గీత రెండుగా చీలకుండా ఉన్న గీతే ఎత్తు పెరిగింది, అంటే పొడిలో ఉన్నదీ డెక్సామెథాసోనే. ఇది తర్వాత ఫోన్‌లో చెప్పాడు. అంత శ్రద్ధ చూసి, నా డబ్బులు వృథా కాలేదని ఆ రోజే అనుకున్నా.

రిపోర్టు ఏడు పనిదినాల్లో అన్నారు, పదకొండు పట్టింది. వచ్చాక చదివితే తలా తోకా అర్థం కాలేదు. వాడుతున్న డబ్బాలో డెక్సామెథాసోన్ కిలోకు 310 మిల్లీగ్రాములు, డైక్లోఫెనాక్ 8,900. సీలు డబ్బాలో డెక్సామెథాసోన్ 460, డైక్లోఫెనాక్ 7,200. కిలో లెక్క ఎవరికి కావాలి, అమ్మ కిలో తినలేదు కదా. వంటింట్లోకి పోయి అమ్మ వాడే చెంచాతో పొడి తీసి, బంగారం తూచే చిన్న తక్కెడ పక్కింటి వాళ్లను అడిగి తెచ్చి తూచా. చెంచా మూడు గ్రాములు. రోజుకు రెండు చెంచాలు, ఆరు గ్రాములు. అంటే రోజుకు 1.9 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, 53 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్, ముందు వాడిన డబ్బాల్లోనూ ఇంతే ఉందనుకుంటే నాలుగు నెలలు, ఒక్క రోజూ తప్పకుండా. డాక్టరమ్మకు చూపిస్తే 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానమని చెప్పి, అమ్మకు రోజుకు పన్నెండుకు పైగా పడిందని లెక్కగట్టింది. కొత్త డబ్బా వాడి ఉంటే డెక్సామెథాసోన్ రోజుకు 2.8 అయ్యేది. చెంచా అదే, ధర అదే, డబ్బా మారితే డోసు ఒకటిన్నర రెట్లు. కలిపేవాడు తూకం వేసి కలపడు కదా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, చదువుతూ కూర్చున్నా. ఇది మన ఊరి జబ్బే కాదు. 2008లో సింగపూర్‌లో మగవాళ్ల శక్తి మాత్రల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి, జనవరి నుంచి మే లోపల షుగర్ జబ్బే లేని 150 మంది షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే అక్కడి ఎఫ్‌డీఏ 2007 నుంచి 2016 దాకా పట్టుకున్న వాటిని లెక్కేస్తే, చెప్పకుండా మందులు కలిపిన సప్లిమెంట్లు 776 తేలాయి, ఎక్కువ భాగం శక్తి మాత్రలు, సన్నబడే మాత్రలే, ఐదింట ఒకదానిలో ఒకటి కన్నా ఎక్కువ మందులున్నాయి. అమ్మ పొడిలోనూ రెండున్నాయి. సిబుట్రమైన్ గుండెకు ముప్పని 2011లో మన దేశంలో నిషేధించారు. నిషేధించిన మందును మాత్రగా అమ్మలేరు, టీ పొడిలో కలిపి అమ్మితే కనబడదు. మా ఆఫీసులో ఒకమ్మాయి నెలకు ఆరు కిలోలు తగ్గించే కాఫీ తాగుతోంది, మరుసటి రోజే ఆమె దగ్గర కూర్చొని ఇదంతా చెప్పా, డబ్బా తెచ్చి చూపిస్తానంది.

ల్యాబ్‌కు ఉన్న హద్దు కూడా చెప్పాలి. రిపోర్టులో ఎన్‌డీ (నాట్ డిటెక్టెడ్) అని ఉంటే పొడి మంచిదని కాదు, మనం అడిగిన జాబితాలోని మందు ఆ యంత్రం చూడగలిగినంత మోతాదులో దొరకలేదని. సిల్డెనాఫిల్ అణువులో చిన్న మార్పు చేసి తయారు చేసినవి చాలా ఉన్నాయి, జాబితా పట్టుకొని వెతికితే అవి తప్పించుకుంటాయి. అలాంటి వాటికి ఇంకా సూక్ష్మంగా బరువు కొలిచే యంత్రాలు కావాలి, ఫీజూ ఎక్కువే. అమ్మ పొడిలో పాత మందులే కలిపారు కాబట్టి తొందరగా దొరికిపోయాయి.

మా చిన్నాయన వీడియోలు పంపించాడు, పొడిని కాల్చి చూడు, నీళ్లలో వేసి తేలుతుందా చూడు, అయోడిన్ చుక్క వెయ్యి అని. గ్రాము పొడిలో మూడో వంతు మిల్లీగ్రాము ఉన్న మందు రంగు మార్చదు, వాసన రాదు, పసుపు శొంఠి ఘాటులో రుచి కూడా తెలియదు. ఇంట్లో తేల్చే పని కాదిది. ఇంట్లో చేయగలిగిందల్లా ఎంత తొందరగా తగ్గింది, ఎప్పుడైనా వేసుకోవడం మర్చిపోతే ఏమైంది, ముఖం మారిందా అని గమనించడం.

ల్యాబ్‌కు నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఆలస్యానికి కాదు, ఆ కిలో లెక్కకు. కస్టమర్ డోసు ఎంతో ఫారంలోనే అడిగి, రోజుకు ఎంత పడుతోందో ఒక్క లైను రాస్తే మామూలు మనిషికి ఎంతో మేలు. ఆ మాట వాళ్లకు మెయిల్‌లో రాశా, ఆలోచిస్తామన్నారు. పొడికి ఒక్క స్టార్ కూడా ఇవ్వను. నొప్పి తగ్గించింది కదా అంటారా, నొప్పి తగ్గించింది వావిలి కాదు. అదే మందు డాక్టర్ రాసి ఇస్తే మోతాదు తెలిసేది, షుగర్ చూసేవాళ్లు, కిడ్నీ చూసేవాళ్లు, ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు. ఇక్కడ ఆ హక్కునే అమ్మ దగ్గర లాగేసుకున్నారు.

ఫిర్యాదు విషయంలో తెలుసుకున్నవి కొన్ని. హెల్త్ సప్లిమెంట్లలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనే ఉంది. షుగర్, కీళ్లవాతం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లే ప్రభుత్వం నియమించిన ఫుడ్ ఎనలిస్ట్ దగ్గర ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది, కానీ కొనేటప్పుడే ఇది పరీక్షకు పంపుతానని అమ్మేవాడికి చెప్పాలి. నేను చెప్పలేదు, నాకు అప్పుడు తెలియదు, అందుకే ఆ దారి నాకు మూసుకుపోయింది. ప్రైవేటు రిపోర్టు పట్టుకొని శిక్ష వేయరు, కానీ అధికారులు కదలడానికి అది పనికొచ్చింది. ఫుడ్ సేఫ్టీ అధికారి పోయిన వారం అంగడికి వెళ్లి సీలు డబ్బాలు శాంపిల్ తీశారు. చట్ట ప్రకారం దాన్ని నాలుగు భాగాలు చేస్తారు, ఒకటి ఎనలిస్ట్‌కు వెళ్తుంది, 14 రోజుల్లో రిపోర్టు రావాలి. డాక్టరమ్మ తన వంతుగా మందుల దుష్ప్రభావాల ఫారం నింపి పంపింది. అది మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు, 1800-180-3024కు ఫోన్ చేస్తే చాలు. ఆహారం మీద ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1800-112-100.

పక్కింటి అక్క మొదట నమ్మలేదు. "మా అత్త బాగానే తిరుగుతోంది కదా, మీ అమ్మకే పడలేదేమో" అంది. రిపోర్టు కాగితం, చెంచా, తక్కెడ మూడూ తీసుకొని వాళ్లింటికి వెళ్లి, వాళ్ల డబ్బా బ్యాచ్ నంబరు చూపించా. మేం పంపిన సీలు డబ్బాదీ అదే బ్యాచ్. ఆమె ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి అత్త చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది. ముంజేతి మీద అమ్మకు ఉన్నట్టే నల్లటి మచ్చలు. పొడి ఆపకుండానే ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

అమ్మకు నొప్పులు మళ్లీ వచ్చాయి. తలుపు పట్టుకొనే లేస్తోంది, కుర్చీలో కూర్చొని కాలు చాపి లెక్కపెడుతూ వ్యాయామం చేస్తోంది, ఇరవై దాకా వచ్చేసరికి విసుక్కుంటుంది. ముఖం కాస్త తగ్గింది. మాత్ర ఇప్పుడు సగానికి వచ్చింది. బుధవారం పొద్దున 8 గంటలకు మళ్లీ కార్టిసాల్ పరీక్ష ఉంది, రక్తం ఇచ్చేదాకా ఆ రోజు మాత్ర వేయకూడదన్నారు, అది మర్చిపోకుండా ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించా.